భీష్మశయ్య – కారుణ్యమరణ విచారము





ప్రవచనమునకు వచ్చు భక్తులు తమ సందేహములను చీటీలపై వ్రాసి ఇచ్చుట ఇక్కడి ఆనవాయితీ. వానిలో ఎక్కువ భాగము తిథి నిర్ణయములను గూర్చి, వ్రతములను గూర్చి, మైల పురుడులను గూర్చి ఉండును. నిన్న వచ్చిన చీటీలలో ఒకటి అట్టిది కాదు. వ్రాసినది ఒక కుమారుడు. తల్లికి 81 సంవత్సరములు. మెదడులో రక్తనాళము చిట్లి, 22 దినములుగా స్పృహ లేక, గొంతులో గొట్టముతో, వెంటిలేటరు ఊదిన ఊపిరితో ఉన్నది. ఇక కోలుకొను ఆశ లేదని వైద్యులు చెప్పినారు. "తీయుడని చెప్పినచో నాకు మాతృహత్యా పాతకము వచ్చునా? తీయవద్దని చెప్పినచో ఆమెను బాధించిన పాపము వచ్చునా?" అని ఆయన అడిగినారు. పేరు వ్రాయలేదు.

నేడు చెప్పదలచిన విషయము వేరు. దానిని రేపటికి ఉంచి ఈ ప్రశ్ననే తీసికొనుచున్నాము. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. ఈ సభలో కూర్చున్నవారిలో ఆసుపత్రి వరండాలో నిలిచి ఇట్టి మాటకు సమాధానము చెప్పవలసి వచ్చినవారు ఇప్పటికే కొందరు ఉందురు. రానున్న కాలములో ఇంకను ఎక్కువమంది ఉందురు.

ముందుగా మాటను సరిచూచుకొనవలెను. "కారుణ్యమరణము" అను ఒకే పేరు క్రింద మూడు వేర్వేరు పనులను కలిపి మాట్లాడుచుండుట వలననే సగము గందరగోళము పుట్టుచున్నది. వైద్యుడు తన చేతితోనే ప్రాణము పోవు మందును ఎక్కించుట ఒకటి. నెదర్లాండ్స్, బెల్జియం దేశములు 2002లో దీనికి చట్టము చేసికొనినవి. వైద్యుడు మందు వ్రాసి ఇచ్చుట, రోగి దానిని తానే పుచ్చుకొనుట రెండవది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రములో 1997 నుండి ఇది అమలులో ఉన్నది. ఆరు నెలలకు మించి బ్రతుకడని వైద్యులు నిర్ణయించిన వారికే అక్కడ ఆ అవకాశము. ఇక మూడవది, రోగము కుదురు ఆశ లేనప్పుడు కృత్రిమముగా ప్రాణమును నిలిపియుంచు చికిత్సను మానుట. మన దేశములో మొదటి రెండును నేరములు. మూడవదానిని మాత్రము కొన్ని కట్టుబాట్లతో మన సుప్రీంకోర్టు అంగీకరించినది. చీటీ వ్రాసిన కుమారుని ప్రశ్న ఈ మూడవదానిని గూర్చినది. అమెరికాలో, కెనడాలో ఉన్న మన తెలుగు పిల్లలకు మొదటి రెండును కూడ ఆసుపత్రి గుమ్మములోనే ఎదురగుచున్నవి. కనుక మూడింటిని గూర్చియు విచారింపవలసియున్నది.

మన న్యాయస్థానములు ఇంతవరకు వచ్చిన దారి సూటిగా లేదు. ఆత్మహత్యాయత్నమును శిక్షించుట రాజ్యాంగమునకు విరుద్ధమని 1994లో సుప్రీంకోర్టు ధర్మాసనము ఒకటి చెప్పినది. జీవించు హక్కులో మరణించు హక్కు ఇమిడియుండదని 1996లో అయిదుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును కొట్టివేసినారు. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాడని భావించి అతనికి చికిత్స చేయించవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత శిక్షా నిబంధనయే లేదు. ఇది మంచి మార్పు. గాయపడినవానిని మరల కొట్టుట ధర్మము కాదు. అయితే ఒకని ఆత్మహత్యకు మరియొకడు తోడ్పడుట అప్పుడును నేరమే, ఇప్పుడును నేరమే.

ఈ చరిత్రలో ఒక స్త్రీ కథను మాత్రము ఆగి చెప్పవలెను. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అను నర్సు ఉండెడిది. 1973 నవంబరు 27న ఆ ఆసుపత్రిలోనే పనిచేయు ఒక దుర్మార్గుడు ఆమెపై దారుణముగా దాడి చేసినాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె శాశ్వతముగా మంచమునకు అంటుకొనిపోయినది. ఆమెకు ఆహారమును ఆపి ప్రాణము పోనిండని కోరుచు, ఆమెను గూర్చి పుస్తకము వ్రాసిన ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకు వెళ్లినారు. కె.ఇ.ఎం. నర్సులు ఒప్పుకొనలేదు. ఒక తరము నర్సులు ఉద్యోగ విరమణ చేయగా మరియొక తరము వచ్చి, తాము ఎన్నడును ఆరోగ్యముతో చూచి ఎరుగని ఆమెకు స్నానము చేయించి, అన్నము తినిపించి, ప్రక్క మార్చి, పసిపాపను వలె చూచుకొనిరి. కోర్టు 2011 మార్చి 7న తీర్పు చెప్పుచు ఆమె విషయములో రచయిత్రి కోరికను త్రోసిపుచ్చినది. నిర్ణయించు అధికారము ఎవరిదనగా, ఇన్నేండ్లు సేవ చేసిన ఆ ఆసుపత్రి వారిదేయని చెప్పినది. 2015 మే 18న ఆమె న్యుమోనియాతో కన్ను మూసినది. 41 సంవత్సరములకు పైగా నడచిన ఆ సేవకు ఏ పురాణములో ఉపమానము వెదకవలెనో మాకు తెలియదు.

ఆ రచయిత్రి క్రూరురాలని మేము అనము. చూడలేక అడిగినారు. కాని అడిగినవారి కరుణ కంటె సేవ చేసినవారి కరుణ బరువైనదని కోర్టు కనిపెట్టినది. అది ధర్మశాస్త్రమునకు కూడ సమ్మతమైన మాట.

అయితే మన శాస్త్రములు ఏమి చెప్పుచున్నవి? ఇక్కడ ఉపన్యాసకులు సాధారణముగా ఒక పొరపాటు చేయుదురు. ఆత్మహంతలు అంధకారమయమైన లోకములకు పోవుదురని ఈశావాస్యోపనిషత్తులో ఉన్నది కదా అని ఆ మంత్రమును చదివి విషయమును ముగించుదురు. భగవత్పాదులవారి భాష్యమును చూచినవారు అట్లు చెప్పరు. అక్కడ ఆత్మహంతలనగా తమ స్వరూపమును తామెరుగని అవిద్వాంసులని ఆచార్యులు వ్యాఖ్యానించినారు. ఆ లెక్కన మనలో చాలమందిమి ఆత్మహంతలమే! కనుక ఆ మంత్రమును ఈ వాదమునకు లాగుకొని రానక్కరలేదు.

ఎదుటిపక్షము వారికిని ఆధారములు లేకపోలేదు. వానిని దాచిపెట్టుట పండితుని లక్షణము కాదు. శరభంగ మహర్షి శ్రీరామదర్శనము కాగానే అగ్నిలో ప్రవేశించి బ్రహ్మలోకమునకు వెళ్లినాడు. అసాధ్య రోగపీడితుడైన వానప్రస్థుడు జలవాయువులే ఆహారముగా, దేహము పడిపోవువరకు ఈశాన్య దిక్కుగా నడచిపోవచ్చునని మనుస్మృతి ఆరవ అధ్యాయములో కలదు. శౌచాచారములు కూడ జరుపుకొనలేనంత వృద్ధుడై, వైద్యులు విడిచిపెట్టినవాడు దేహత్యాగము చేయవచ్చునని చెప్పు స్మృతి వచనములు కూడ నిబంధన గ్రంథములలో కనబడుచున్నవి. "మీ శాస్త్రమే అంగీకరించినది కదా, ఇక ఆసుపత్రిలో వైద్యుడు చేసినచో దోషమేమి?" అని ఇంగ్లీషు చదువుకొనిన యువకులు మమ్ము అడుగుచుందురు. అడుగుట మంచిదే.

సమాధానము రెండు మెట్లలో ఉన్నది. నిర్ణయసింధువు మొదలగు గ్రంథములలో కలివర్జ్యములని ఒక ప్రకరణము కలదు. పూర్వయుగములలో చెల్లినవియే అయినను కలియుగములో విడిచిపెట్టవలసిన ఆచారముల పట్టిక అది. మహాప్రస్థాన గమనమును, వృద్ధులు కొండ కొమ్ము నుండియో అగ్నిలోనో దేహమును విడుచుటయు ఆ పట్టికలో చేరియున్నవి. మన పూర్వులు ఆ ఆచారములను ఎరిగియే, ఆలోచించియే మాన్పించినారన్నమాట. ఎందుకు మాన్పించినారో ఊహించుట కష్టము కాదు. వైరాగ్యముతో విడుచువాడెవడో, కోడలి విసుగు భరింపలేక విడుచువాడెవడో పైకి ఒకే విధముగా కనబడును. ఋషికి ఇచ్చిన అనుమతి దిక్కులేని ముసలివాని మెడకు ఉరి కాగలదు.

తమిళనాడు దక్షిణ జిల్లాలలో "తలైకూత్తల్" అను దురాచారమొకటి ఉన్నదని 2010 ప్రాంతములో పత్రికలు వెల్లడించినవి. మంచాన పడిన వృద్ధులను అభ్యంగన స్నానము నెపముతో ఇంటివారే సాగనంపుట అది. అది చట్టరీత్యా హత్య. దానిని చేయువారు మాత్రము దానిని కనికరమనియే పిలుచుకొందురు. ఇది విన్నప్పుడు కలివర్జ్య ప్రకరణము వ్రాసినవారి ముందుచూపు మాకు అర్థమైనది.

రెండవ మెట్టు ఇంకను ముఖ్యమైనది. శరభంగుడు కాని, ఈశాన్యముగా నడచిన వానప్రస్థుడు కాని మరియొకని చేతిని అడుగలేదు. పోవువాడు తానే పోయినాడు. తన ప్రాణమును తీయుమని వైద్యుని అడుగుటకు, తీయుట వైద్యుని వృత్తిధర్మములో భాగమగుటకు ఆ వచనములలో తావు లేదు. ప్రాణము నిలుపుటకు నేర్చిన విద్యతో ప్రాణము తీయువాడు మరునాడు ఉదయము ప్రక్క మంచము దగ్గరకు ఏ ముఖముతో వెళ్లును? ఆ మంచము మీది రోగి అతనిని ఏ కన్నుతో చూచును?

"రోజూ దేవుని ఎదుట అనాయాస మరణము కోరుచున్నాము గదా, అది మాత్రము ఏమి?" అని ఒక తల్లి అడిగినది. నిజమే. ఆ ప్రార్థనలో మనము మూడు కోరుచున్నాము. శ్రమలేని మరణము, దైన్యములేని జీవితము, భగవంతునియందు భక్తి. అమ్మా! ఆ మూడింటిని ఒకే నోట, ఒకే చేయి చాచి, ఒక్క ఇచ్చువానినే అడుగుచున్నాము. మొదటిదానిని మాత్రము వేరొకచోట కొని తెచ్చుకొందుమన్నచో మిగిలిన రెండింటి సంగతి ఏమగును?

ఇక అసలు విషయమునకు వచ్చెదము. కోరినప్పుడు మరణము పొందగల వరము మన ఇతిహాసములో ఒక్కనికి స్పష్టముగా లభించినది. తండ్రి శంతనుడు భీష్మునికి ఇచ్చిన వరమది. కారుణ్యమరణమును గూర్చి మాట్లాడదలచినవారు ముందుగా ఆ శరశయ్య దగ్గరకు పోయి నిలువవలెను. తిక్కన సోమయాజిగారు తెనిగించిన పదునైదు పర్వములలోనే ఈ కథ ఉన్నది కనుక తెలుగువారు ఎవ్వరైనను చదువుకొనవచ్చును.

పదవనాటి యుద్ధములో భీష్ముడు పడిపోయినాడు. దేహమంతయు బాణములు. నేలకు తగులక బాణములపైననే నిలిచినాడు. తల మాత్రము క్రిందికి వ్రేలాడుచున్నది. తలగడ కావలెనన్నాడు. రాజులు మెత్తని తలగడలు తెచ్చిరి. అవి తనకు తగవని నవ్వి, అర్జునుని వైపు చూచినాడు. అర్జునుడు మూడు బాణములతో తలను నిలిపినాడు. అటుపిమ్మట బాణములను తీయుటలో ఆరితేరిన శస్త్రవైద్యులు పరికరములన్నిటితో వచ్చినారు. దుర్యోధనుడు పంపినాడు. భీష్ముడు ఏమి చేసినాడు? వారికి ధనమిచ్చి, గౌరవించి, తిరిగి పంపివేయుడని చెప్పినాడు. క్షత్రియుడు కోరదగిన గతి తనకు లభించినదనియు, ఇక వైద్యముతో పని లేదనియు చెప్పినాడు. మరునాడు దాహమన్నాడు. రాజులు రకరకముల భక్ష్యములును, చల్లని నీటి కుండలును తెచ్చిరి. వానిని కాదని మరల అర్జునునే చూచినాడు. అర్జునుడు భూమిని బాణముతో చీల్చి జలధారను పైకి రప్పించినాడు.

ఈ మూడు ఘట్టములను వరుసగా పెట్టి చూడుడు. వైద్యము వద్దన్నాడు. తలకు ఆనిక కావలెనన్నాడు. నీరు కావలెనన్నాడు. శస్త్రవైద్యులను పంపివేసినందులకు ఆయనను ఆత్మహంత అని వ్యాసుడు అనలేదు, వ్యాఖ్యాతలు అనలేదు. ఫలము లేని చికిత్సను కాదనుట వేరు, మృత్యువును చేయిపట్టి లాగుకొనివచ్చుట వేరు. ఇచ్ఛామరణ వరము ఉన్నవాడు ఆ క్షణముననే పోవచ్చును గదా! పోలేదు. 58 రాత్రులు ఆ శయ్యపైన ఉండి ఉత్తరాయణము కొరకు వేచియున్నాడు. వరమును మరణమును తొందరపెట్టుటకు కాక, ఆపుటకు వాడుకొనినాడు.

శాంతిపర్వములో జరిగినది ఇంకను గొప్పది. ధర్మములను బోధింపుమని శ్రీకృష్ణుడు అడిగినాడు. భీష్ముడు తన అశక్తతను చెప్పుకొనినాడు. బాణముల మంటచేత అవయవములు కుములుచున్నవి, మనస్సు నిలువదు, మాట రాదు, ఇక ధర్మములేమి చెప్పుదునన్నాడు. అంతటి మహానుభావుడు నొప్పిని ఒప్పుకొనినాడు. నొప్పి అని చెప్పుట అధైర్యము కాదు. అప్పుడు భగవానుడు ఏమి చేసినాడు? "అయితే వెళ్లిపొమ్ము" అనలేదు. "అనుభవింపుము, నీ కర్మ" అనియు అనలేదు. నొప్పి, మంట, అలసట, ఆకలిదప్పులు నిన్ను బాధింపవు, బుద్ధి నిర్మలముగా ఉండునని వరమిచ్చినాడు. నొప్పిని తీసినాడు, ప్రాణమును తీయలేదు. ఆ తరువాతనే ధర్మరాజునకు రాజధర్మములు లభించినవి. మనకు విష్ణుసహస్రనామము లభించినది.

ఇందువలననే "కర్మ అనుభవించనిండు, మందు వద్దు" అను వేదాంతమును మేము అంగీకరింపము. ఎదుటివాని కర్మను లెక్కగట్టు పని మనది కాదు. అట్లైనచో తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేయుట కూడ దోషమే కావలెను. చరకసంహిత సూత్రస్థానములో రోగములు సాధ్యములు, అసాధ్యములు అని విభజింపబడినవి. అసాధ్యములలో మరల యాప్యములని ఒక తెగ ఉన్నది. కుదరవు, కాని చికిత్సచేత బాధ తగ్గించుచు కాలము గడుపవచ్చును. కుదర్చుట చేతకానిచోట కూడ వైద్యునికి పని ఉన్నదని ఆ విభాగము చెప్పుచున్నది. నేడు దానినే ఉపశమన చికిత్స అనుచున్నారు. లండనులో సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు 1967లో ఇందుకే ఒక ఆశ్రమము వంటి ఆసుపత్రిని తెరచినది. మన దేశములో కోళిక్కోడులో 1993లో మొదలైన ప్రయత్నము కేరళ అంతట ఇంటింటికి పోయి సేవ చేయునంతగా పెరిగినది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలోను ఆ విభాగము ఉన్నది. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మందు ఇచ్చుటకు మాదకద్రవ్యముల చట్టము చాలకాలము అడ్డుగా ఉండెడిది. 2014లో ఆ చట్టమును సవరించి కొంత సులభము చేసినారు. మార్ఫిన్ అనగానే "మత్తుమందు, పాపము" అని బెదరిపోవు గృహస్థులు శాంతిపర్వమును జ్ఞాపకము చేసికొనవలెను. నొప్పి తగ్గుటకు వైద్యుడు కొలచి ఇచ్చు మందు ప్రాణము తీయుట కాదు. నొప్పి తగ్గిన తరువాత కూడ "నన్ను పంపివేయుడు" అని పట్టుపట్టువారు తక్కువేయని ఆ సేవలో ఉన్న వైద్యులు మాతో చెప్పినారు.

గాంధీమహాత్ముడు 1928లో సాబర్మతి ఆశ్రమములో బాధతో గిలగిల కొట్టుకొనుచున్న ఒక ఆవుదూడకు వైద్యునిచేత సూదిమందు వేయించి ప్రాణము పోనిచ్చినాడు. దేశమంతయు గగ్గోలు పుట్టినది. మనిషికైనను సూత్రము ఒకటే అని ఆయన వ్రాసినారు. కాని మన ఆత్మీయులకు సహాయము చేయుటకు ఏదో ఒక ఉపాయము మన దగ్గర ఎల్లప్పుడును ఉండును కనుక, వారు తమ సంగతి తాము ఆలోచించుకొనగలరు కనుక ఆచరణలో అట్లు చేయమని కూడ అన్నారు. మొదటి మాటలో మేము మహాత్మునితో ఏకీభవింపలేము. రెండవ మాటను తలపై ధరించుచున్నాము. ఏదో ఒక ఉపాయము ఉండుననుట యథార్థము.

ఆయన శిష్యుడు వినోబాభావే సంగతి వేరు. మన పోచంపల్లిలో 1951లో భూదానమునకు నాంది పలికిన ఆ మహనీయుడు 1982 నవంబరులో జబ్బుపడి, అంతిమ సమయము ఆసన్నమైనదని గ్రహించి, పవనార్ ఆశ్రమములో అన్నమును, నీటిని, మందును విడిచి, 15వ తేదీ దీపావళినాడు శరీరమును వదలినారు. వయస్సు 87. జైనుల సల్లేఖన వ్రతమును గూర్చియు ఇట్టి చర్చయే వచ్చినది. రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టులో దానిని నేరమన్నది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. పరీక్షిన్మహారాజు ప్రాయోపవేశమును మేము ఈ కోవలోనే చూచెదము. ఏడు దినములలో మృత్యువు నిశ్చయమని తెలిసిన తరువాత ఆయన ఆహారమును విడిచి గంగాతీరమున భాగవత శ్రవణమునకు కూర్చున్నాడు. ఏడవనాటి మృత్యువును మూడవనాటికి తెచ్చుకొనలేదు.

కష్టమైన సందర్భమును విడిచిపెట్టి పోరాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులో, కండరములు క్షీణించు వ్యాధితో వెంటిలేటరుపై ఉన్న 25 ఏండ్ల యువకుడొకడు, తాను పోకముందే తన అవయవములను తీసి ఇతరులకు ఇండని కోరినాడు. పోయిన తరువాత అవి పనికిరావేమోనని అతని భయము. తల్లి కొడుకు కోరికను తీసికొని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లినది. చట్టము ఒప్పదని కోర్టు చెప్పినది. కొద్ది దినములకే అతడు మరణించినాడు. వెన్నెముకను దేవతలకు ఇచ్చిన దధీచి జ్ఞాపకము రాక మానడు. ఆ యువకుని సంకల్పము దధీచి సంకల్పమే. కాని దధీచి యోగముతో తన శరీరమును తానే విడిచినాడు, దేవతల చేత కోయించుకొనలేదు. ఆ యువకుని కోరిక తీరవలెనన్నచో బ్రతికియున్నవాని దేహమును ఒక వైద్యుడు కోయవలసి వచ్చెడిది. కోర్టు ఆ గోడను కదలనీయకపోవుట న్యాయమేయని మా అభిప్రాయము. ఆ తల్లిని తలచుకొనిన ప్రతిసారి ఆ అభిప్రాయము చెప్పుట కష్టముగానే ఉన్నది.

ఆ గోడ ఒకసారి కదలిన తరువాత ఎక్కడ ఆగునో చెప్పుట కష్టము. కెనడాలో 2016లో చట్టము వచ్చినప్పుడు సహజ మరణము సమీపములో ఉన్నవారికే ఆ సదుపాయమన్నారు. 2021లో సవరించి మరణము సమీపములో లేనివారికి కూడ, బాధ తీరనిదైనచో, ఇచ్చినారు. కేవలము మానసిక వ్యాధి ఉన్నవారికి ఇచ్చుటను 2027 వరకు వాయిదా వేసికొనినారు. ఆ దేశస్థులు దుర్మార్గులు కారు. ప్రతి మెట్టును కరుణతోనే దిగినారు. కాని చట్టము తలుపు తెరచినప్పుడు మంచముపైనున్న వృద్ధుని మనస్సులో ఒక కొత్త ఆలోచన పుట్టును. ఇంతవరకు "నేనెందుకు పోలేదు" అని ఎవ్వరును అడుగలేదు. ఇకమీద బ్రతికియుండుటకు ఆయన సంజాయిషీ చెప్పుకొనవలెను.

మన ఇండ్లలో చట్టము లేకయే ఆ సంజాయిషీ మొదలైనది. "మీకు భారమైతిని నాయనా, ఆ దేవుడు ఎప్పుడు తీసికొనిపోవునో" అని పెద్దవారు అందురు. ఇది మరణము కోరుట అని తొందరపడి అనుకొనవద్దు. నూటికి తొంబదిమార్లు అది ఒక ప్రశ్న. "నేను భారమా?" అని అడుగుచున్నారు. "అట్లనకుము అమ్మా" అని ఒక్కరు ప్రక్కన కూర్చుండి చెప్పినచో ఆ పూట అన్నము తిందురు. దుప్పటి మార్చుట, ప్రక్క తిప్పుట, నోరు తడుపుట, రాత్రి ఒకమారు లేచి చూచుట, ఇవి అర్జునుని తలగడ, అర్జునుని నీరు. పార్థుని వలె గాండీవము అక్కరలేదు. అయితే సేవ చేయు కోడలో కూతురో ఒక్కతెయే నలిగిపోవుచుండగా మిగిలినవారు ఫోనులో క్షేమసమాచారము అడిగి ఊరకుండుట సేవ కాదని కూడ చెప్పవలెను. వంతులు వేసికొనుడు.

చీటీ వ్రాసిన నాయనా, మీరు ఈ సభలోనే ఉన్నచో వినుడు. మీ తల్లికి కోలుకొను ఆశ నిజముగా లేదని ఒక్కరు కాక పలువురు వైద్యులు తేల్చినచో, యంత్రమును మానుట మాతృహత్య కాదు. అది భీష్ముడు శస్త్రవైద్యులను తిరిగి పంపిన పని. ఆమెను తీసికొనిపోవునది రోగము, మీ మాట కాదు. కాని మూడు పరీక్షలు పెట్టుకొనుడు. ఆమె స్పృహలో ఉన్ననాడు ఏమి కోరెడిదో జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఆసుపత్రి ఖర్చు, ఆస్తి పంపకము మీ నిర్ణయములో ఎంత పాలు ఉన్నవో మీ మనస్సును మీరే అడుగుడు. పొలము అమ్మలేకపోవుట పాపము కాదు, లేనిచోట లేదని చెప్పవచ్చును. దానిని ధర్మసందేహమని పేరు మార్చుట మాత్రము తగదు. యంత్రము తీసిన తరువాత ఆమెకు ఆయాసము, నొప్పి కలుగకుండ మందు ఇచ్చుటకు వైద్యులు సిద్ధముగా ఉన్నారా అని ముందే అడుగుడు. తీసివేసి గది విడిచి పోరాదు. ఆ ఊపిరి ఆగువరకు చేయి పట్టుకొని ఉండవలెను.

చట్టము సంగతి కూడ తెలిసికొనుడు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు గౌరవముతో మరణించుట జీవించు హక్కులోనిదని అంగీకరించి, ఇట్టి స్థితి వచ్చినప్పుడు తనకు ఏ చికిత్స వలదో స్వస్థతలో ఉండగనే వ్రాసిపెట్టుకొనవచ్చునని చెప్పినారు. 2023 జనవరిలో ఆ నియమములను సులభము చేసినారు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ చేతనో గెజిటెడు అధికారి చేతనో ధ్రువపరచుకొనిన చాలును. ఆసుపత్రిలో మొదట ఒక వైద్య మండలి, దానిపైన మరియొక మండలి పరిశీలించి, వీలైనంతవరకు 48 గంటలలో అభిప్రాయము చెప్పవలెను. వ్రాతపత్రము లేనిచోట కూడ బంధువుల సమ్మతితో ఈ మండలుల ద్వారానే నిర్ణయము జరుగును. మేజిస్ట్రేటునకు తెలియజేయుదురు. ఒక్కరి మాటపై చీకటిలో జరుగకుండుటకే ఈ కట్టుబాట్లు. పెద్దవారు ఆ పత్రమును వ్రాసిపెట్టుకొనుటలో అశుభమేమియు లేదు. వీలునామా వ్రాయుటకు జంకనివారు దీనికి జంకనేల? తాము వ్రాసినచో ఆ భారము కొడుకు గుండెమీద పడదు.

ఆత్మహత్యతో ఆత్మీయులను పోగొట్టుకొనినవారు కూడ ఇక్కడ ఉండవచ్చును. గరుడపురాణము వినిపించి వారిని భయపెట్టుట కొందరికి అలవాటు. మనస్సు చెదరినవాని పనిని శాంతచిత్తుని పనితో సమానముగా తూచరాదు. అట్టివారి కొరకే నారాయణబలి విధింపబడియున్నది. శ్రద్ధతో జరిపించుడు, శంక పెట్టుకొనవద్దు. మీ ఇంటిలో ఎవరైనను చనిపోవలెనని అనుచున్నచో పరిహాసముగా తీసికొనక, ఆనాడే ప్రక్కన కూర్చుండి మాటాడుడు, వైద్యునికి చూపుడు. లంకలో సీతమ్మ కానరాక హనుమంతుడంతటివాడు ప్రాణములు విడుతుననుకొనినాడు. బ్రతికియున్నచో శుభము కలుగవచ్చునని తలచి మరల లేచి వెదకినాడు. అశోకవనము కనబడినది ఆ తరువాతనే.

గుడిగంట మ్రోగినది. ఏకాంతసేవకు ఇంకను అరగంట వ్యవధి ఉన్నది. ఈ లోపల ఆ శరశయ్యపైనుండి వచ్చిన సహస్రనామమును, ఆసుపత్రిలో ఉన్న ఆ తల్లి కొరకు మనమందరము కలిసి చదివెదము. పుస్తకములు తెచ్చుకొననివారికి పీఠము వద్ద ఉన్నవి, తీసికొనుడు.